ఈ నీళ్ళకు మైల లేదు

మా ఇంట్లో సగం సామాను చనిపోయినవాళ్ళది.

వరండాలో ఉన్న బల్ల ఒకప్పుడు నవారు మంచం. ఒక ముసలాయన దాని మీద ఏడు నెలలు తీసుకుని తీసుకుని పోయాడు. పదకొండో రోజున కొడుకులు దాన్ని కాలవ గట్టున పారేస్తే, నేను మోసుకొచ్చి, పట్టెలు కోసి, బల్ల చేశాను. ఆ నవారుతో కూరల సంచులకు పట్టీలు కుట్టాను. కిటికీలకు వేలాడే తెరలు ఒక పెద్దావిడ నేత చీరలు. పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదని ఎవరో గుమ్మం బయట పెడితే, ఆ ముక్కలు మా స్నానాల గది గోడలో సిమెంటు మధ్య మెరుస్తున్నాయి. ఆగిపోయిన గడియారం అరిష్టమని ఒకరు వదిలించుకుంటే, లోపలి యంత్రం తీసేసి ఆ పెట్టెలో మా ఇద్దరి మాత్రలు పెట్టుకుంటున్నాం.

"మనింటికి దొంగ కూడా రాడండీ," అనేది మా ఆవిడ. "వస్తే పాపం, వెళ్ళి తలారా స్నానం చెయ్యాలి కదా."

నేను పొదుపు కోసం చేసిన పని కాదిది. వాదం కోసం చేశాను. నలభై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పాను. అంతకు ముందునుంచే సభల్లో మాట్లాడుతున్నాను, పత్రికలకు రాస్తున్నాను. ఒక మనిషి చచ్చిపోతే అతని మంచానికి ఏమవుతుంది? చెక్క చెక్కగానే ఉంటుంది. ఇనుము ఇనుముగానే ఉంటుంది. మరి పారేయడం ఎందుకు? ఈ ప్రశ్నకు మా ఊళ్ళో ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పలేరని నాకు తెలుసు. అందుకే ఎవరు ఏది మైలని పారేసినా తెచ్చి, కోసి, కుట్టి, రంగు వేసి, నలుగురూ వచ్చి కూర్చునే చోట పెట్టేవాణ్ణి. వాళ్ళు ఆ బల్ల మీద కూర్చుని కాఫీ తాగి లేచాక, అది ఎవరి మంచమో చెప్పేవాణ్ణి. కొందరి మొహాలు మాడిపోయేవి. అది చూడటం నాకిష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మాది తణుకు దగ్గర ఊరు. మా ఇల్లు రోడ్డు పక్కనే, బస్సు ఆగే చోటుకు ఎదురుగా ఉంటుంది. మొన్న వేసవిలో, ఎండలు బాగా ముదిరిన రోజుల్లో, నాలుగు వీధులవతల ఒక రైతు పోయాడు. వరి చేలు తవ్వించి రొయ్యల చెరువులు వేసిన కుటుంబం అది. పదో రోజున ఆ ఇంటివాళ్ళు పెద్దాయన పరుపు, దుప్పట్లు, చేతికర్ర, నులక కుర్చీ పెరటి గోడ దగ్గర కుప్ప పోశారు. ఆ కుప్ప పక్కన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంది. గట్టిది. మూత కూడా ఉంది.

పెద్ద కొడుకు గుండుతో, తెల్ల పంచెతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే.

"ఈ డ్రమ్ము నేను తీసుకెళ్తున్నానయ్యా."

"అది ఎందుకండీ మాస్టారూ? అది..."

"మీ నాన్నగారి మైల దీనికి అంటిందంటావా?"

"అది కాదండీ..."

"మీ నాన్నగారు బతికుండగా ఇది మంచి డ్రమ్మే కదా? ఇప్పుడేమైంది?"

పది రోజులుగా నిద్రలేని మనిషి. ఒకసారి నా వంక చూశాడు, చేయి ఊపాడు. "తీసుకెళ్ళండి మాస్టారూ," అన్నాడు. ఆ ఊపిన చేతిని నేను విజయంగా లెక్క వేసుకున్నాను.

ఇంటికి తెచ్చి సబ్బుతో రెండుసార్లు కడిగాను. ఒక పగలంతా ఎండలో బోర్లించాను. పక్కన అంటించిన కాగితం ఒకటి ఉంది, సగం చిరిగి, బురద పట్టి. కిరసనాయిలు రాసి, చాకుతో గీకి తీసేశాను. పాత వాటర్ ఫిల్టరు కుళాయి ఒకటి అటక మీదుంటే, అడుగున కన్నం పెట్టి బిగించాను. మా అమ్మ కుట్టుమిషను పోయినా దాని ఇనుప కాళ్ళు ఉన్నాయి. వాటి మీద చెక్క వేసి డ్రమ్మును నిలబెట్టాను. నీళ్ళు చల్లగా ఉండటానికి కింది సగానికి గోనెసంచి చుట్టాను. పై సగం మీద, ఆ కాగితం ఉన్న చోటునే, తెల్ల రంగుతో పెద్ద అక్షరాలు రాశాను: ఈ నీళ్ళకు మైల లేదు.

ఇలాంటి చలివేంద్రం ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు వేసవిలో పెడతారు. ఎవరి పుణ్యం కోసం వాళ్ళు. దేవుడి పటం, పూలదండ ఉంటాయి. నా దాంట్లో అవి లేవు. చావింటి డ్రమ్ములో నుంచి ఊరంతా నీళ్ళు తాగుతుంది. మర్నాడు అందరూ బతికే ఉంటారు. అదే నా వ్యాసం. ఇంతకన్నా మంచి వ్యాసం నేను రాయలేదనిపించింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. కరోనా వచ్చి తగ్గిన తర్వాత నా ముక్కూ నాలుకా సరిగా పనిచేయడం లేదు. ఇంగువ తెలుస్తుంది. ఇంకేదీ తెలియదు. మా ఆవిడ ఇంట్లో ఉంటే పాలు విరిగాయో లేదో ఆవిడే చెబుతుంది. ఆ వారం ఆవిడ రాజమండ్రిలో చెల్లెలి ఇంట్లో ఉంది.

డ్రమ్ము మీద అక్షరాలు రాసిన సాయంత్రం, మా వీధికి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిపెట్టే ఆవిడ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా వస్తోంది. గేటు దగ్గర నిలబడి, "మైలబట్టలున్నాయా మాస్టారూ," అని పిలుస్తుంది. మూట కట్టుకుని పోతుంది. నేను ఆవిణ్ణి "మీరు" అంటాను. ఊళ్ళో ఇంకెవరూ అనరు. మొదట్లో వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరో ఉన్నారేమోనని.

డ్రమ్ము చూసి ఆగింది.

"ఇది ఆ రొయ్యల చెరువులోళ్ళ ఇంటిది కదండీ?"

"అవునమ్మా. మీకెలా తెలుసు?"

"చావింటి బట్టలకి నేనే కదండీ వెళ్ళింది. పెరట్లో చూశాను. ఇందులో నీళ్ళు పోస్తారా ఏంటి?"

"రేపు పొద్దున్నుంచి. దారినపోయేవాళ్ళందరికీ."

"వద్దండీ. అది మైలదండీ."

నేను కుర్చీలోంచి లేచాను. ఆ మాట ఎవరు అన్నా ఊరుకుంటాను గాని, ఈవిడ అంటే ఊరుకోలేననిపించింది.

"మీరు కూడా ఈ మాట అంటే ఎలాగమ్మా? ఇదే మాట చెప్పి కదా మీవాళ్ళని తరతరాలు వాకిట్లో నిలబెట్టారు? చావు మైల, పురిటి మైల, ముట్టు మైల, అన్నీ మీ నెత్తిన పెట్టి మోయించారు. మీరు ఆ మాటని నమ్మకూడదు."

"అది కాదండీ మాస్టారూ..."

"ప్లాస్టిక్కుకి చావు తెలుసా? డ్రమ్ము ఏడుస్తుందా? చెప్పండి."

ఆవిడ మూట నెత్తికెత్తుకుంది. "మీకు చెప్పేంతదాన్నా అండీ నేను," అని వెళ్ళిపోయింది. వాదంలో ఎదుటివాళ్ళు ఊరుకుంటే మనం గెలిచామని చిన్నప్పుడు సభల్లో నేర్చుకున్నాను. ఆ పాఠం తప్పని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఎనిమిదింటికి ఊళ్ళో వాటర్ ప్లాంటు నుంచి టిన్నులు తెప్పించి డ్రమ్ము నింపాను. మొదటి గ్లాసు నేనే తాగాను, నిండుగా. తర్వాత వరండాలో బల్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఉపాధి పనికి వెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు గ్లాసులు పట్టుకుని గోడ చాటుకు నడిచారు. జంగారెడ్డిగూడెం బస్సు కోసం ఎర్ర చీర కట్టుకున్న ఒకావిడ వచ్చింది. చంకలో మూడేళ్ళ పాప. జీడిపిక్కల పనికి వెళ్తున్నామని ఎవరితోనో చెబుతోంది. పచ్చ మూత ఉన్న పెద్ద సీసా తెచ్చి కుళాయి కింద పెట్టి నింపుకుంది. నా వంక చూసి తలూపింది. నేనూ తలూపాను. బస్సు వచ్చింది, పరుగెత్తి ఎక్కింది.

పది నిమిషాల తర్వాత ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి మా బట్టలావిడ వచ్చింది. ఆటో ఆపి నీళ్ళు పట్టుకుంటున్న డ్రైవరు చేతిలోంచి గ్లాసు లాగి పారబోసింది.

"తాగకు నాయనా. మందు డ్రమ్మది."

నేను గబగబా మెట్లు దిగాను. "ఏం మందు?"

"చెరువు మందండీ. మా తమ్ముడు వాళ్ళ రొయ్యల చెరువు మీదే పనిచేస్తాడు కదా. ఈ డ్రమ్ములు కడిగిన రోజు అరచేతులు పొక్కిపోతాయండీ వాడికి. వెల్లవేయడానికి నీళ్ళు పెట్టుకుందామని ఒకటి ఇంటికి తెచ్చారు, వాసన పోక పెరటి గోడ దగ్గర పెట్టారు."

"మరి నిన్న చెప్పలేదేం?"

"చెప్పాను కదండీ. మైలదని."

"మైలంటే నేను..."

"మైలంటే మైలేనండీ. కడిగినా పోని మరక. మాకు ఉతకని బట్ట మైల, మరక పోని బట్ట మైల. మీరేమనుకున్నారు?"

ఇరవై ఏళ్ళుగా గేటు దగ్గర ఆ మాట వింటున్నాను. మైలబట్టలంటే విడిచిన బట్టలని నాకు తెలుసు. నా బనీన్లు ఏ చావుకూ సంబంధం లేకుండానే వారం వారం మైలవుతున్నాయి. అయినా ఆ సాయంత్రం ఆ మాట వినగానే నాకు ఒకే అర్థం వినిపించింది, ఏ అర్థంతో పోరాడటం నాకు అలవాటో అది. ఎందుకని అడగడం నా వృత్తి. పిల్లలకు అదే నేర్పాను. ఆవిణ్ణి "ఎందుకు మైల" అని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పేది. అడగలేదు.

ఇదంతా అప్పుడు ఆలోచించలేదు. అప్పుడు నాకు కనిపిస్తున్నది పచ్చ మూత.

ఆ ఇంటి పెద్ద కొడుక్కి ఫోన్ చేశాను. "రెండు మూడు రకాల మందులు వాడామండీ మాస్టారూ. అందులో ఏదో నాకూ తెలియదు. డ్రమ్ముకి కాగితం ఉంటుంది చూడండి, దాని మీద రాసుంటుంది." చెత్తబుట్ట తిరగేశాను. చాకుతో గీకిన ముక్కలు దొరికాయి. ఒక దాని మీద రొయ్య తోక. ఒక దాని మీద ఎర్ర గీత. అక్షరాలున్న భాగం కిరసనాయిల్లో మెత్తబడి ముద్దయిపోయింది. ఆ ముక్కలు జేబులో వేసుకున్నాను. సీసా నింపుకుని బస్సెక్కిన తల్లీ పాపల సంగతి బట్టలావిడకు చెప్పాను.

"బస్సు గూడెంలో ఆగుతుందండీ," అంది ఆవిడ. తాడేపల్లిగూడెం అని అర్థం. "మా చెల్లి అక్కడ బస్టాండు పక్కనే ఇస్త్రీ బండి పెడుతుంది. ఫోన్ చేస్తాను. మీరు స్కూటరు తియ్యండి."

ఆవిడ నా వెనక కూర్చుని, గాలిలో అరుస్తూ చెల్లెలికి చెప్పింది: ఎర్ర చీర, చంకలో పాప, పచ్చ మూత సీసా, జంగారెడ్డిగూడెం బస్సు, ఆ నీళ్ళు తాగొద్దని చెప్పు. నేను అంత వేగంగా బండి నడిపి ఎన్నేళ్ళయిందో.

"మాస్టారూ, నేను దిగి నడిచినా మీకన్నా ముందు వెళ్తానండీ."

నా కడుపులో బరువుగా ఉంది. అది మందో, భయమో తేల్చుకోవడానికి ప్రయత్నించాను. రెండింటికీ లక్షణాలు ఒకటే: నోరు ఎండటం, చెమట, పొట్టలో తిప్పడం. గ్లాసుడు తాగిన నాకే ఇలా ఉంటే, మూడేళ్ళ పిల్లకు ఎంత చాలు? అరవై కిలోల మనిషికి ఇంత, పన్నెండు కిలోల పిల్లకు అందులో ఐదో వంతు. లెక్కలు వచ్చినవాడి భయం మామూలు భయం కన్నా పొడుగ్గా ఉంటుంది.

ఉపాధి పనికి వెళ్ళిన ఆ ఇద్దరు ఆడవాళ్ళెవరో నేను చెప్పిన గుర్తులను బట్టి పోల్చుకుని, దారిలో ఆవిడ వాళ్ళకు ఫోన్ చేసింది. కాసేపు విని, నవ్వు ఆపుకుంటున్నట్టుగా "సరే సరే" అని పెట్టేసింది.

"తాగలేదంటండీ. నోట్లో పోసుకుని గోడవతల ఉమ్మేశారంట. కంపు కొట్టిందంట."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే మీరు ఊరుకుంటారా అండీ. మొదలెడతారు. వాళ్ళకి పనికి టైమైపోతుంది కదా."

ఇంతకాలం మా బల్ల మీద కూర్చుని, నేను చెప్పింది విని, ఏమీ అనకుండా లేచి వెళ్ళినవాళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు.

"ఆవిడకి కూడా వాసన వచ్చి ఉంటుంది కదమ్మా? ఆ పాప తల్లికి?"

"వచ్చే ఉంటుందండీ," అంది. తర్వాత, "పరుగెత్తి బస్సెక్కిందన్నారు కదా. మూత తీసి చూసుకుందో లేదో," అంది.

బస్టాండు చేరేసరికి బస్సు లేదు. గోడ పక్కన ఇస్త్రీ బండి దగ్గర ఆవిడ చెల్లెలు నిలబడి ఉంది. బండి మీద, ఇస్త్రీ పెట్టె పక్కన, పచ్చ మూత సీసా ఉంది. దాని మీదే ఉన్నాయి నా కళ్ళు. రెండు వేళ్ళ మేర తరిగి ఉంది.

"పాప తాగిందా?"

"ఒక గుటకేసిందంటండీ. చేదుగా ఉందని ఏడ్చిందంట. వాళ్ళమ్మ వాసన చూసి, ఇంక పట్టలేదంట. అంతకుముందే కొన్ని నీళ్ళతో పాప చేతులు కడిగిందంట."

"దింపలేదా వాళ్ళని?"

"దిగమన్నానండీ. మేస్త్రీ ఎదురుచూస్తాడు, పని పోతుందంది. బస్సు ఎక్కువసేపు ఆగలేదు. సీసా తీసేసుకుని ఫోన్ నెంబరు రాయించుకున్నాను." బండి మీద పరిచిన దుప్పటి అంచున, చాక్‌పీసుతో పది అంకెలు.

అక్కడే ఉన్న ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు చిన్నవాడు.

"డ్రమ్ము మీద లేబుల్ లేదా అండీ?"

"ఉండేది. నేనే గీకేశాను."

"ఎందుకండీ?"

"అక్షరాలు రాయడానికి."

జేబులోంచి ముక్కలు తీసి బల్ల మీద పెట్టాను. రొయ్య తోక వంక అతను కాసేపు చూశాడు. ఏ అక్షరాలని అడగలేదు. నన్ను సాయంత్రం వరకు మంచం మీద ఉంచాడు. నా ఫోన్‌లోంచి ఆ తల్లితో తనే మాట్లాడాడు. జంగారెడ్డిగూడెంలో దిగగానే ముందు పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళమని, పని సంగతి తర్వాతని గట్టిగా చెప్పాడు. ఆవిడ సరే అందో లేదో నాకు వినపడలేదు.

ఆ మధ్యాహ్నం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఫ్యాను తిరుగుతోంది. ప్రతి అరగంటకూ ఆ నెంబరు నొక్కాను. మొదట సిగ్నలు లేదు. తర్వాత మోగింది, ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఆసుపత్రిలోనే ఉన్నామండీ, చూస్తున్నారు," అంది. ఒకసారి వెనకనుంచి పాప ఏడుపు వినిపించింది. ఏడుస్తోందంటే మంచిదేనని నర్సు అంది. మా ఇంట్లో ఎవరైనా ఇలాంటి వేళ దేవుడికి మొక్కుకుంటే నేను నవ్వేవాణ్ణి. ఆ రోజు నేను మొక్కుకోలేదు. కాని మొక్కుకోవడానికి ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. దానికి మందు మొక్కు కాదని ఇప్పటికీ అంటాను. ముందు రోజు సాయంత్రం ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు.

బట్టలావిడ ఇంటికి వెళ్ళలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీరు వెళ్ళండమ్మా. మీకు పనులున్నాయి."

"మీరూ మీరూ అంటారు," అంది, నా వంక చూడకుండా. "మాట మాత్రం విననివ్వరు. ఒక ముక్క చెప్పబోతే నాలుగు ముక్కలు చెప్తారు. నన్ను నువ్వనే వాళ్ళయినా, చెప్పింది ముందు వింటారండీ."

ఆరింటికి ఆ తల్లి తనే ఫోన్ చేసింది. పాపకు ఒకసారి వాంతి అయిందట. డాక్టర్లు కడుపు చూశారు, బాగానే ఉందన్నారు, ఇడ్లీ తిందట. రాత్రికి అక్కడే ఉంచుతారట. "ఒకరోజు పని పోయిందండీ," అంది. కోపంగా కాదు, వాన పడిందన్నట్టు చెప్పింది. క్షమించమన్నాను. "ఇంక అస్తమానం చెయ్యకండి మాస్టారూ, పాప లేస్తోంది," అని పెట్టేసింది. మర్నాడు పొద్దున మళ్ళీ చేశాను. పాపతోనే మాట్లాడించింది. పాప ఏమీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినిపించింది. చాలాసేపు విన్నాను.

నేను నమ్మినవేవీ మార్చుకోలేదు. మంచం మంచమే. చీర చీరే. పోయినవాళ్ళ బల్ల మీద ఇప్పటికీ కూర్చుంటున్నాను, కూర్చోమంటున్నాను. కాని ఒక వస్తువు ఇంటికి తెచ్చేముందు అది ఏం పనికి ఉండేదో, ఎవరి చేతుల్లో ఉండేదో అడుగుతున్నాను. అడిగి, ఊరుకుంటున్నాను. ఊరుకోవడం కష్టంగానే ఉంది.

ఆ వారం చివర్లో డ్రమ్మును పెరట్లోకి దింపాను. ఎవరూ మళ్ళీ నీళ్ళకు వాడకుండా ఇనుప చువ్వ కాల్చి కన్నాలు పెట్టడం మొదలుపెట్టాను. మైల అన్న మాట దగ్గర మొదటిది, లేదు అన్న మాట దగ్గర రెండోది. గేటు దగ్గర బట్టలావిడ గొంతు వినిపించింది. లోపలికి వచ్చి, మూట కింద పెట్టి, కన్నాలు చూసింది.

"ఇవి చాలుతాయా అమ్మా?" అని అడిగాను.

"ఎక్కడ చాలుతాయండీ. పైన పెడితే ఏం లాభం? అడుగున పెట్టండి, పది పన్నెండు. పెద్దవి." చువ్వ నా చేతిలోంచి తీసుకుని, పొయ్యిలో మళ్ళీ పెట్టింది. "చిన్న కన్నాలైతే మావాళ్ళు తారు పెట్టి మూసేసి, నీళ్ళకే వాడుకుంటారు."